నాలుక కట్టేసిన గంటలు

హెస్టర్ క్యాచ్‌పోల్‌ని మా హెల్మ్‌షోల్ ఊళ్ళో అందరూ మొండిఘటం అనేవాళ్ళు. అననీండి. ఆ మొండితనమే లేకపోతే సెయింట్ బోటాల్ఫ్ గుడి గోపురంలో ఆరు గంటలూ ఈపాటికి పావురాలకి ఇళ్ళయిపోయి ఉండేవి. ముప్పై ఏళ్ళకి పైగా ఆ గంటలు వాయించే జట్టుకి ఆవిడే పెద్ద. ఇప్పుడు పెళ్ళికి గంటలు మోగాయంటే వాయించేవాళ్ళంతా ఆవిడ చేతికింద తిట్లు తిన్నవాళ్ళే. కానీ ఆ తాడు తన చేతిలోకి రావడానికి ఆవిడ ఎన్ని తిప్పలు పడిందో చెబితే ఈ కాలం ఆడపిల్లలు నమ్మరు. తాడు లాగడానికి కూడా గొడవేమిటి అంటారు. ఏమిటా? చెబుతాను, కూర్చోండి.

హెస్టర్ తండ్రి ఓబెడ్ క్యాచ్‌పోల్. కమ్మరి. గుడి ప్రహరీకి ఆనుకునే వాళ్ళ కొలిమి. పగలంతా లాడాలు కొట్టేవాడు, ఆదివారం పూట గంటల జట్టుకి పెద్దరికం చేసేవాడు. గోపురం తాళం చెవి తోలుతాడుకి కట్టి మెడలో వేసుకునేవాడు, స్నానానికి కూడా తీసేవాడు కాదు. పాదిరిగారికి గుడి మీద ఎంత అధికారం ఉందో తెలీదు గానీ, గోపురం మెట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనా తలుపు తట్టాల్సిందే.

పైన గంటలు లాగే గది మగవాళ్ళ రాజ్యం. మూలన బీరు కూజా, గోడకి తాతలనాటి జట్ల పేర్లు రాసిన చెక్కలు. ఆ గదిలోకి ఆడది అడుగుపెట్టేది శనివారం ఒక్కపూటే, నేల కడగడానికి. అదేం న్యాయమో! కడగడానికి ఆడది కావాలి, లాగడానికి మాత్రం పనికిరాదు.

హెస్టర్‌కి పద్నాలుగో ఏడు. తల్లితోపాటు ఆ నేల కడుగుతూ తాళ్ళవంక చూసేది. ఆరు తాళ్ళు పైకప్పు కన్నాల్లోంచి దిగి, పట్టుకునేచోట ఎర్రా తెల్లా ఉన్ని కుచ్చుతో వేలాడేవి. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"నాన్నా, నాకూ నేర్పవూ?"

"ఏంటే నేర్పేది?"

"గంట."

ఓబెడ్ పడీపడీ నవ్వాడు. జట్టులో మిగతావాళ్ళూ నవ్వారు.

"గంటంటే బడి గుమ్మంలో ఊపేది అనుకున్నావా పిల్లా? ఎద్దంత బరువు. తలకిందులుగా లేచి నిలబడుతుంది, గిర్రున తిరిగొచ్చి మళ్ళీ నిలబడుతుంది. నువ్వు పట్టుకున్నావంటే తాడుతోబాటు పైకప్పుకి అంటుకుపోతావు. పో, పోయి మీ అమ్మకి బట్టలు పిండిపెట్టు."

పోయింది. బట్టలే పిండింది. తల్లి పోయాక ఆ చాకిరేవు పని మొత్తం తన నెత్తినే పడింది. పాదిరిగారి ఇంటి దుప్పట్లు, గుడి బల్లమీద పరిచే గుడ్డలు, పాటల బృందం వేసుకునే తెల్లంగీలు, అన్నీ హెస్టరే ఉడికించాలి, పిండాలి, ఇస్త్రీ చెయ్యాలి. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేక కాదు, తీరిక లేక అనేది. పిండే యంత్రం చక్రం తిప్పీ తిప్పీ జబ్బలు తండ్రి జబ్బల్లా అయ్యాయి. ఇంటి కిటికీ తీసిపెట్టుకుని, గుడి గంటలు వింటూ, ఏ గంట తరవాత ఏ గంట వచ్చిందో చక్రంతోపాటు నోట్లో గొణుక్కునేది. ఇంకోసారి మాత్రం నాన్నని అడగలేదు. అడిగి నవ్వించుకోవడం ఆవిడకి గిట్టదు.

అంతలో యుద్ధం వచ్చింది. జట్టులో కుర్రవాళ్ళు నలుగురూ పటాలంలోకి పోయారు. తరవాతి వేసవిలో సర్కారు ఉత్తరువు వచ్చిపడింది. దేశంలో ఎక్కడా గుడిగంట మోగకూడదు. శత్రువు గొడుగులేసుకుని ఆకాశంలోంచి దిగితే అప్పుడు మాత్రం కొట్టాలి. ఓబెడ్ పైకి వెళ్ళి ఆరు గంటల లోపల వేలాడే నాలుకలూ తోలుపట్టీలతో కదలకుండా కట్టేసి, గోపురానికి తాళమేసి కిందికి దిగాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. మనిషి పాతికేళ్ళు పెద్దయిపోయినట్టు కనిపించాడు. హెస్టర్‌కి జాలేసింది. జాలితోపాటే ఇంకో ఆలోచనా వచ్చింది.

మర్నాడే పాదిరి పెల్లీగారి దగ్గరికి వెళ్ళింది. పెల్లీగారు మంచివాడే, పాపం. ఎవరితోనూ పేచీ పడలేని మంచితనం.

"అయ్యగారూ, గంటలు తిప్పకుండా వదిలేస్తే ఇరుసులు పట్టేస్తాయి. తాళ్ళు చివికిపోతాయి. యుద్ధం అయ్యాక వాయించడానికి మనిషీ ఉండడు, గంటా ఉండదు. మేం ఆడవాళ్ళం నేర్చుకుంటాం. నాలుకలు కట్టే ఉన్నాయి గదా, చప్పుడు రాదు. పోలీసాయన్ని అడిగాను, చప్పుడు రాకపోతే నాకేం అభ్యంతరం అన్నాడు."

"బాగానే ఉందమ్మా. కానీ మీ నాన్న..."

"గంటలు మీ అధీనంలోవి అయ్యగారూ. గుడి చట్టం అదే కదా. మా నాన్నవి కావు."

"చట్టం అదే. కానీ మీ నాన్న చేతిలో సుత్తి ఉంటుంది కదమ్మా. చూద్దాంలే."

హెస్టర్ సరేనని వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున పెల్లీగారు గుడి గదిలో బీరువా తెరిస్తే తెల్లంగీ లేదు. పాటల బృందానివీ లేవు. నల్ల అంగీతోనే బయటికి వచ్చి, కాకిలా నిలబడి ఆరాధన జరిపించాడు. ఊరి పెద్దింటి ఇల్లాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆరాధన అయ్యాక ఆయన ఉతికేచోటికి పరుగెత్తుకొచ్చాడు.

"హెస్టర్, బట్టలేవమ్మా?"

"చేతులు నొప్పులండీ అయ్యగారూ. చక్రం తిరగట్లేదు."

"మందు రాసుకోలేకపోయావా?"

"మందుకి తగ్గే నొప్పి కాదండీ. ఏదైనా తాడు లాగితే తగ్గుతుందేమో."

తరవాతి ఆదివారమూ అదే కథ. ఊరంతా నవ్వుకుంది. మూడో వారం మధ్యలో పెల్లీగారు తన బల్ల సొరుగులో పడున్న రెండో తాళం చెవి తెచ్చి, ఉతికిన బట్టల కుప్ప మీద పెట్టి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం ఆయన తెల్లంగీ మెరిసిన మెరుపు నేనెక్కడా చూడలేదని మా అమ్మ చెప్పేది.

ఓబెడ్‌కి తెలిసింది. మెడలో తాళం చెవి తెంపి, ఇనుము కొట్టే దాగలి మీద విసిరికొట్టాడు.

"ఆడది తాడు ముట్టిన గోపురం నేనెక్కను. నా శవం కూడా ఎక్కదు."

"శవాన్ని ఆ మెట్లెక్కించే ఓపిక ఎవరికుంది నాన్నా," అంది హెస్టర్.

అంతే. ఇంట్లో తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు. ఆయనకేదైనా కావాలంటే పొయ్యి మీద కెటిల్‌తో చెప్పేవాడు, "ఈ ఇంట్లో టీ అనేది ఉంటుందా ఉండదా" అని. ఆవిడ పిల్లికి జవాబు చెప్పేది. ఒకే బల్ల దగ్గర కూర్చుని అలా తినేవాళ్ళు, రోజూ. నవ్వొస్తుంది గానీ, ఆవిడకి లోపల ఎంత మండేదో. నాన్న చేత్తో నేర్చుకోవాలని కదా ఆవిడ మొదటినుంచీ ఆశ!

మరి నేర్పేదెవరు? ఎజ్రా గూడర్‌హామ్ తాత. గొర్రెలకాపరి, పాతజట్టులో మిగిలినవాడు. ఆరోగంట, అన్నిట్లోకి పెద్దది, ఆయనది. చెవుడు. ఎంత చెవుడంటే పక్కన పిడుగు పడ్డా "ఎవరో తలుపు తట్టారు" అనేవాడు. చాలా ఏళ్ళుగా అవతలివాళ్ళ తాళ్ళు కదిలే తీరు కళ్ళతో చూసే వాయించేవాడు.

"చెవిటి మేష్టరు, మూగ గంటలు! ఇంక మనకి తిరుగేముందే," అని విరగబడి నవ్వింది డోర్కస్ ఫెన్. డోర్కస్ సారాకొట్టు యజమానురాలు, భారీ మనిషి, బీరు పీపాలు ఒంటిచేత్తో దొర్లించేది. హెస్టర్ మొదట పిలిచింది ఆవిడనే. రొట్టెలకొట్టు ఆవిడ, బడి పంతులమ్మ, పొలంపనికి లండన్ నుంచి వచ్చిన ఒక పిల్ల కలిశారు. ఎజ్రా తాతతో ఆరుగురు.

మొదట్లో అరచేతులు బొబ్బలెక్కిపోయాయి. డోర్కస్ ఒకసారి తాడు వదలడం మర్చిపోయి, అంత మనిషీ నేలమీంచి లేచి, దబ్బున కూలబడింది. మెట్లకింద పనిచేసుకుంటున్న సమాధులు తవ్వే మనిషి గోపురం కూలిందనుకుని పరుగెత్తాడు. అయినా ఎవరూ మానలేదు. హెస్టర్ మాననివ్వలేదు. వానయినా, మంచయినా, బాంబుల విమానాలు పైనుంచి పోతున్నా వారానికి రెండు సాయంత్రాలు ఎక్కాల్సిందే. "కళ్ళు! కళ్ళెక్కడ పెట్టారు! ముందువాళ్ళ తాడు చూడండి!" అని ఎజ్రా తాత అరిచేవాడు. చెవిటివాళ్ళ అరుపు కదా, గోడలు అదిరేవి. రెండేళ్ళలో ఆరు గంటలూ వరస తప్పకుండా తిప్పడం, ఆ వరసని ఒక్కో గంట చోటు మారుస్తూ అల్లడం, అల్లినదాన్ని మళ్ళీ మొదటికి తేవడం, అంతా వచ్చేసింది. అంతా చప్పుడు లేకుండానే. ఇరుసుల కిర్రుమన్న మూలుగు తప్ప ఇంకేం వినపడేది కాదు.

"బొమ్మలాట," అనేవాడు ఓబెడ్ కెటిల్‌తో. "గింజల్లేకుండా రోకటిపోటు."

నవంబరులో ఒక బుధవారం రేడియోలో చెప్పారు. ఆఫ్రికా ఎడారిలో మనవాళ్ళు గెలిచారు, వచ్చే ఆదివారం పొద్దున ఒక్కసారికి దేశమంతా గుడిగంటలు మోగొచ్చు. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చింది. పటాలంలో పిల్లలున్న తల్లులు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. సాయంత్రానికి ఓబెడ్ పాదిరిగారింట్లో ఉన్నాడు. హెస్టరూ అక్కడే ఉంది.

"ఆదివారం నేను కొడతానయ్యా," అన్నాడు ఓబెడ్. "ఒకే గంట. ఆ కాస్త పరువుగా ఉంటుంది. వీళ్ళు రెండేళ్ళనించీ గాలిని లాగుతున్నారు. చప్పుడు ఎలా ఉంటుందో ఒక్కరికీ తెలీదు. నాలుకలు విప్పాక బెదిరిపోయి చస్తారు."

"ఒక్క గంట శవం లేచినప్పుడు కొడతారు అయ్యగారూ," అంది హెస్టర్. "ఇది గెలుపు. ఆరూ మోగాలి."

పెల్లీగారు ఒకసారి ఓబెడ్ చేతులవంక, ఒకసారి హెస్టర్ చేతులవంక చూశాడు. రెండూ ఒకలాగే ఉన్నాయి. తన తెల్లంగీ గుర్తొచ్చింది కాబోలు. "ఆరూ మోగనీ," అన్నాడు గబగబా.

పాదిరిగారింటి మెట్లు దిగుతూ ఓబెడ్ రెండేళ్ళలో మొదటిసారి కూతురితో నేరుగా మాట్లాడాడు. "తప్పిందంటే ఊరంతా వింటుంది. ఆ తరవాత ఈ గోపురంలోకి ఆడపురుగుని కూడా రానివ్వరు, గుర్తుపెట్టుకో."

నిజమే అన్నాడు. ఆ సంగతి హెస్టర్‌కీ తెలుసు. శనివారం పైకెక్కి పట్టీలు విప్పింది. ఉత్తరువు ఆదివారానికే కాబట్టి ముందుగా ఒక్క దెబ్బ కొట్టి చూసుకునే వీల్లేదు.

ఆదివారం పొద్దున గుడిముంగిట్లో ఇసకేస్తే రాలనంత జనం. పైన ఆరుగురూ తాళ్ళు పట్టుకున్నారు. మొదటి గంట హెస్టర్‌ది. "చూసుకోండి! ఒకటి కదిలింది... వెళ్ళింది!" అని గంటల జట్ల అలవాటు ప్రకారం కేకేసి లాగింది.

ఠంగుమంది. అమ్మో, ఆ మోత! తల మీద సుత్తితో కొట్టినట్టయింది. గంటల గదికీ వీళ్ళకీ మధ్య చెక్కలే అడ్డం మరి. ఒక వరస ఎలాగో గట్టెక్కింది. రెండో వరసలో డోర్కస్ తాడు లాగిన క్షణానే నెత్తిన ఒక గంట ఖంగుమంది. అది తనదే అనుకుంది, ముందే లాగేశానని బెదిరి ఆగింది. తనది కాస్సేపటికి వేరే గంట మీద పడి మోగింది. రొట్టెలావిడ దాన్ని విని తొందరపడింది. పంతులమ్మ వెనకాడింది. ఇంకేముంది, వంటింట్లో గిన్నెల అటక కూలినట్టు ఆరు గంటలూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

"ఆపండి!" అని అరిచింది హెస్టర్.

ఆగాయి. లండన్ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. కింద జనంలో గుసగుస లేచింది. ఎజ్రా తాత మాత్రం వెలిగిపోతున్న మొహంతో, "ఎందుకాపారే? బ్రహ్మాండంగా వస్తుంటే!" అన్నాడు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ఎక్కనన్న మనిషి ఎక్కొచ్చాడు. ఓబెడ్ గుమ్మంలో నిలబడి ఆయాసపడుతున్నాడు, మొహం ఎర్రగా కందిపోయింది.

"చాలు. తాళ్ళు వదలండి. ఒక్కటి నేను కొట్టి ఊరి పరువు దక్కిస్తా." డోర్కస్ తాడు వైపు చెయ్యి చాపాడు.

"ముట్టుకోకు నాన్నా," అంది హెస్టర్.

"ఇంకా సిగ్గు రాలేదుటే?"

"వచ్చింది. అయినా ముట్టుకోకు."

ఆవిడ బుర్ర పనిచేస్తోంది. అందరూ తప్పారు, ఎజ్రా తాత తప్పలేదు. ఎందుకు? ఆయనకి వినపడదు. వీళ్ళు నేర్చుకున్నది ఆయన విద్యే కదా! గంటని కుదురుగా నిలబెట్టి, మూలన పడున్న పాతతాడు దగ్గరికి వెళ్ళి, దాని ఉన్ని కుచ్చు గుప్పెడు పీకింది. కొవ్వొత్తి ముక్క చేత్తో నలిపి మెత్తచేసి, అందులో ఉన్ని కలిపి ఉండలు చేసింది.

"చెవుల్లో పెట్టుకోండి. గట్టిగా కుక్కండి. చప్పుడు సంగతి ఊరు చూసుకుంటుంది. మనం తాళ్ళు చూద్దాం."

"ఒసేయ్, మన గంటలు మనమే వినమా?" అంది డోర్కస్.

"వినం. వాయిస్తాం."

పెట్టుకున్నారు. లోకం మూగబోయింది. హెస్టర్ మళ్ళీ కేకేసింది, కేక ఎవరికీ వినపడకపోయినా నోరు చూసి అందరికీ అర్థమైంది. తాళ్ళు లేచాయి, దిగాయి. ఒకదాని వెనక ఒకటి, వేలువెంట వేలు ముడిచినట్టు, ఎప్పుడూ తిరిగే తీరునే తిరిగాయి. వరస అల్లుకుంది, విడిపోయింది, మళ్ళీ అల్లుకుంది. హెస్టర్ తాళ్ళనే చూసింది. ఒక్కసారి మాత్రం చూపు తప్పి గుమ్మం వైపు పోయింది. నాన్న టోపీ తీసేసి చేత్తో పట్టుకున్నాడు. పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు. ఆవిడకి ఏం వినపడుతుంది? అల్లిక మొదటికి వచ్చేదాకా లాగి, "ఆపండి" అని చెయ్యెత్తింది. గంటలు నిలబడగానే ఓబెడ్ మెట్లవైపు తిరిగాడు.

హెస్టర్ ఒక్క అంగలో వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చెవిలోంచి ఉన్ని లాగేసింది.

"ఏమన్నావు నాన్నా?"

"ఏమీ అన్లేదు. తప్పుకో."

"అన్నావు, చూశాను. చెప్పందే ఒక్క మెట్టు దిగనివ్వను. ఎన్నాళ్ళయినా ఇక్కడే ఉందాం."

ఓబెడ్ డోర్కస్ వంక చూశాడు, ఎజ్రా వంక చూశాడు, తప్పించుకునే దారి లేదు. "చెవుల్లో చెత్త కుక్కుకుని గంట వాయించే దిక్కుమాలిన జట్టుని నా జన్మలో చూడలేదన్నాను."

"ఇంకా?"

"ఇంకేముంది?"

"చాలాసేపు అన్నావు నాన్నా. అది సగమే."

ముసలాయన చేతిలో టోపీని అటూ ఇటూ తిప్పాడు. "ఇంత బాగా వాయించిన జట్టుని కూడా చూడలేదన్నాను. నేనే నేర్పాల్సింది అన్నాను. చాలా?"

కిందనుంచి పెల్లీగారి గొంతు వినపడింది, ఆరాధన మొదలుపెట్టొచ్చా అని.

"ఆగమనండి ఆయన్ని!" అని కసిరాడు ఓబెడ్. గుమ్మంలోంచి గదిలోకి వచ్చేశాడు. "తీసెయ్యండి ఆ చెవుల్లోవి. వినండి ఇలా. తాడు లాగగానే గంట పలకదు. తిరిగి పైకి లేచేటప్పుడు పలుకుతుంది. మీరు లాగుతుండగా వినిపించేది మీ ముందువాళ్ళది, మీది కాదు. దానికి బెదరొద్దు. ఎజ్రా, ఈ మాట ఎందుకు చెప్పలేదురా వీళ్ళకి?"

ఎజ్రా తాత ఆయన నోటివంకే చూసి, బుర్ర గోక్కున్నాడు. "గంట పలుకుతుందన్న సంగతే మర్చిపోయానురా."

ఓబెడ్ వచ్చి కూతురి వెనక నిలబడ్డాడు. తాడుమీద ఆవిడ చేతుల పట్టు చూశాడు. పైచెయ్యి ఒక బెత్తెడు కిందికి జరిపాడు.

"ఊఁ. ఇప్పుడు లాగమ్మా."

హెస్టర్ లాగింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత పలికింది. ఇది నాదే అనుకుంది. దాని వెనకే రెండోది, మూడోది, ఆరోదాకా, ఒకదాన్నొకటి తోసుకోకుండా, మొత్తం ఊరిమీదికి పోయాయి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. చేతులు ఖాళీ లేవు, తుడుచుకోలేదు. ఆ ఆదివారం మా గుడిలో ఆరాధన ఆలస్యంగా మొదలైంది.